సమ్మర్ క్యాంప్‌లో కౌన్సిలర్‌గా చేరాలంటే ఏం కావాలి, ఎలా తయారవ్వాలి?

పరీక్షలు దగ్గరపడేసరికి అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వైపు డిగ్రీ పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: "సమ్మర్ క్యాంప్‌లో కౌన్సిలర్‌గా చేరాలంటే ఏం రావాలండీ?" డాన్స్ రావాలా, ఇంగ్లీషు గడగడా మాట్లాడాలా, బీఈడీ చేసుండాలా అని వాళ్ళ అనుమానం. ఇవేవీ తప్పనిసరి కాదు. బొమ్మలు నేర్పడానికి డ్రాయింగ్ మాస్టారు వస్తారు, కరాటేకి కరాటే మాస్టారు వస్తారు. కౌన్సిలర్ పని వేరు. మీకు ఓ పదిమంది పిల్లల్ని అప్పగిస్తారు. పొద్దున గేటు లోపలికి వచ్చింది మొదలు మళ్ళీ ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టేదాకా ఆ పదిమందీ ఎక్కడున్నారో, ఏం తిన్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో మీకు తెలిసుండాలి. క్లాసు జరుగుతున్నంతసేపూ మీకు పెద్ద పనుండదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య పది నిమిషాలుంటాయి చూడండి, కుళాయి దగ్గర తోసుకునేప్పుడు, చెప్పులు వెతుక్కునేప్పుడు, ఆటో ఎక్కేప్పుడు, అప్పుడుంటుంది అసలు పని.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- 18 ఏళ్ళు నిండి ఉండాలి. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళు సాయంగా రావచ్చు గానీ, పిల్లల బాధ్యత వాళ్ళ ఒక్కరి మీదే పెట్టకూడదు.
- ఆధార్ కాపీ, రెండు ఫొటోలు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు. ఆ ఇద్దరూ చుట్టాలు కాకూడదు. చదువు చెప్పిన మాస్టారు, పనిచేసిన షాపు ఓనరు లాంటివాళ్ళయితే మంచిది.
- ఫస్ట్ ఎయిడ్ శిక్షణ సర్టిఫికెట్.
- ఈల, జేబులో పట్టే నోటుపుస్తకం, రెండు పెన్నులు, టోపీ, లీటరు నీళ్ళ సీసా, వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులతో పిల్లల వెనక పరిగెత్తలేరు.

1. ఏ రకం క్యాంపో తేల్చుకోండి

మన వైపు ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. స్కూళ్ళల్లో, గ్రంథాలయాల్లో పొద్దున పూట పెట్టేవి ఒకటి. హైస్కూలు గ్రౌండులోనో స్టేడియంలోనో జరిగే ఆటల శిబిరాలు రెండోది. హాస్టల్లో ఉంచి రాత్రి బస పెట్టేవి మూడోది. మొదటి ఏడాది మాత్రం పొద్దున పూట క్యాంపులోనే చేరండి. రాత్రి బస అంటే ఇంటిమీద బెంగ పెట్టుకున్న పిల్లలు, పక్క తడిపే పిల్లలు, అర్ధరాత్రి జ్వరాలు. కొత్తవాళ్ళకి అది మోయలేని బరువు.

సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మార్చి మొదట్లోనే వెళ్ళి అడగండి. వాట్సాప్‌లో బయోడేటా పడేసి ఊరుకుంటే ఎవరూ పిలవరు. హెడ్మాస్టరుగారినో, లైబ్రేరియన్‌నో, కోచ్‌నో నేరుగా కలవండి. "ఏ పనైనా చేస్తానండీ" అనకండి, అది విని విని వాళ్ళకి విసుగొచ్చి ఉంటుంది. "ఎనిమిది నుంచి పదేళ్ళ పిల్లల్ని చూసుకోగలను, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నాను, మే నెలంతా ఖాళీగా ఉంటాను" అని చెప్పండి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మొదటి రోజే అడగాలి. ప్రైవేటు స్కూలు అయితే జీతం మాట్లాడుకోవచ్చు. సేవగా నడిపే చోట దారి ఖర్చులూ, టిఫినూ ఇస్తే అదే గొప్ప.

2. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోండి

వీడియోలు చూసి వచ్చేసిందనుకోకండి. ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళు మనిషి బొమ్మ మీద చేయించి నేర్పుతారు. మీ జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి. ఛాతీ నొక్కడం (నిమిషానికి 100 నుంచి 120 సార్లు), గొంతులో అడ్డం పడినది బయటికి తెప్పించడం, రక్తం ఆపడం, ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయకూడదు అన్నవి చేత్తో చేసి చూసి రావాలి. ఫిట్స్ వచ్చిన పిల్లాడి చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరు కాకూడదు. పిల్లాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, టైము చూసుకోండి. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

దగ్గర్లో బ్యాచ్ దొరకకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అక్కడి నర్సుగారిని ఓ గంట చూపించమని అడగండి. సర్టిఫికెట్ రాదు, పని మాత్రం వస్తుంది.

3. మీ వీధి పిల్లలతో ఒక ఆదివారం గడిపి చూడండి

పిల్లలంటే ఇష్టం అనుకోవడం వేరు, వాళ్ళతో రెండు గంటలు గడపడం వేరు. తల్లిదండ్రులకి ముందే చెప్పి ఆరేడుగురిని పోగేయండి. గుడి ఆవరణలో ఏడుపెంకులాట, ఖోఖో, లేదంటే అరుగు మీద కూర్చోబెట్టి రాజు-రాణి-దొంగ-పోలీసు చీటీలు, ఏదో ఒకటి ఆడించండి. అయిపోయాక మిమ్మల్ని మీరే అడగండి: ఎవరైనా ఓ పక్కన ఒంటరిగా కూర్చున్నారా, అది మీ కంటపడిందా? ఎన్నిసార్లు అరిచారు? ఫోన్ ఎన్నిసార్లు తీశారు? పది నిమిషాలకోసారి ఫోన్ చూడకుండా ఉండలేకపోతే ఈ పని మీకు సరిపడదు. ఇది మీ మీద కోపంతో అన్న మాట కాదు, క్యాంపుల్లో పిల్లలు తప్పిపోయేది ఎక్కువగా అలాంటి నిమిషాల్లోనే.

4. నిర్వాహకుల్ని మీరూ ప్రశ్నలడగండి

ఇంటర్వ్యూలో వాళ్ళే అడగాలని ఎక్కడా లేదు. ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు? అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ లెక్క ప్రకారం పగటి క్యాంపులో 6-8 ఏళ్ళ పిల్లలు ఎనిమిదిమందికి ఒకరు, 9-14 ఏళ్ళ వాళ్ళు పదిమందికి ఒకరు ఉండాలి. రాత్రి బస అయితే ఆరుగురికొకరు, ఎనిమిదిమందికొకరు. మన దగ్గర ముప్పైమందికి ఒక్కరిని పెట్టి "చూసుకోమ్మా" అనేవాళ్ళున్నారు. అలాంటిచోట చేరకండి. ఏదైనా జరిగితే మాటపడేది మీరే.

ఇంకా అడగాల్సినవి: ఆడపిల్లలకి వేరే బాత్రూమ్ ఉందా, గడియ పడుతుందా? నీళ్ళు ఎక్కడివి? ప్రతి పిల్లాడి ఆరోగ్యం కాగితం ఉందా? అందులో ఉబ్బసం, ఫిట్స్, రొయ్యలు పడకపోవడం, రోజూ వేసుకునే మందులు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు ఉండాలి. ఎమర్జెన్సీ వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో?

మీ గురించి పోలీస్ వెరిఫికేషన్ అడిగారంటే చిన్నబుచ్చుకోకండి. అడిగినవాళ్ళే మంచివాళ్ళు. ఎలా దరఖాస్తు చేయాలో మీ పరిధి పోలీస్ స్టేషన్లో చెబుతారు. ఎవరినీ ఏమీ అడక్కుండా "రేపట్నుంచి వచ్చేయండి" అన్నారంటే, ఆ గేటు లోపలికి ఎవరైనా రావచ్చన్నమాట.

5. ఆటల సంచి కట్టుకోండి

మాస్టారు రాకపోతే, కరెంటు పోతే, వాన పడితే ఓ గంట నడిపేందుకు మీ దగ్గర సరుకుండాలి. ఆరుబయట ఆడేవి మూడు, గదిలో ఆడేవి మూడు, కూర్చుని చేసేవి రెండు చాలు. కొబ్బరాకు మనకి ఊరకే దొరుకుతుంది. దాంతో బూర, చేతి గడియారం, కళ్ళజోడు చేయడం ఊళ్ళో ఏ తాతగారినడిగినా చూపిస్తారు. ముందురోజు మీరు చేసి చూసుకోండి. లేత ఆకైతేనే మడత నిలుస్తుంది, ముదురాకు చీరుకుపోతుంది. ఈనెలు కళ్ళల్లో గుచ్చుకుంటాయి కాబట్టి ఆరేడేళ్ళ పిల్లలకి ఈనె తీసేసిన ఆకే ఇవ్వండి. వామనగుంటల పీటకి చింతపిక్కలు మర్చిపోవద్దు. కోతికొమ్మచ్చి మాత్రం వద్దు, ఎవరెంత బతిమాలినా.

6. మొదటి రోజు: పేర్లు, జోడీలు, లెక్క

మొదటి గంటలో పేర్లు నేర్చుకోవడం తప్ప ఇంకేమీ పెట్టుకోకండి. ఇంట్లో పిలిచే పేరేదో అడగండి. రిజిస్టర్లో వెంకట సత్య సాయి అని ఉన్నవాడు "చిన్నా" అంటేనే పలుకుతాడు. ఇద్దరిద్దర్ని జోడీలు కట్టండి. నీళ్ళకి వెళ్ళినా, బాత్రూమ్‌కి వెళ్ళినా జోడీగా వెళ్ళి జోడీగా రావాలి. మొత్తం బేసి అయితే ఒకచోట ముగ్గురు, అంతేగానీ ఒంటరిగా ఎవరూ ఉండకూడదు.

ఇప్పుడు లెక్క. పిల్లలకి నంబర్లిచ్చి వరసగా చెప్పమనడం అందరూ చేసేదే, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ ఏడో నంబరువాడు కుళాయి దగ్గర ఉండిపోతే పక్కవాడు గొంతు మార్చి "ఏడు" అనేస్తాడు. స్నేహితుడు తిట్లు తినకూడదని. అందుకని నంబర్లు విన్నాక మొహాలు చూస్తూ మరోసారి లెక్కపెట్టాలి. చోటు మారిన ప్రతిసారీ, బండి ఎక్కేముందూ దిగాకా, టిఫిన్ ముందూ తర్వాతా లెక్క. టైము, సంఖ్య నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకరు తగ్గితే "వచ్చేస్తాడులే" అని ఆగొద్దు. మిగతావాళ్ళని ఇంకో కౌన్సిలర్‌కి అప్పగించి వెంటనే వెతకండి. ముందు నీళ్ళున్న వైపు వెళ్ళండి, బాత్రూములూ గదులూ ఆ తర్వాత.

7. నీళ్ళ దగ్గర

డెల్టాలో క్యాంపు అంటే అన్నిటికంటే పెద్ద భయం ఇదే. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేశాక "కాలువలో నీళ్ళే లేవుగా" అని అందరూ ధీమాగా ఉంటారు. లాకుల కింద, వంతెనల కింద మడుగులు అలాగే ఉంటాయి. పైకి మోకాల్లోతు కనిపిస్తుంది, అడుగు వేస్తే ఊబి. గోదాట్లో ఇసుక తీసిన గోతులు నీళ్ళ కింద కనబడవు. జూన్ మొదట్లో కాలువలకి నీళ్ళు వదలగానే చూడ్డానికి పిల్లలు గట్టు మీదికి పరిగెడతారు. క్యాంపు ఆఖరి రోజులు సరిగ్గా అప్పుడే.

చేపల చెరువులు, రొయ్యల చెరువుల గట్లు ఎక్కనివ్వకండి. నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్లకి వేసిన కరెంటు వైర్లు ఎక్కడ తెగి నీళ్ళల్లో ఉన్నాయో చెరువు కాపలావాడికే తెలియకపోవచ్చు.

విహారం అని అంతర్వేదికో, ఓడలరేవుకో, పేరుపాలెం బీచ్‌కో తీసుకెళ్తామంటే పిల్లల్ని సముద్రంలో దించే పనిలేదని ముందే తేల్చుకోండి. ఇసుకలో ఆడుకుంటే చాలు. రేవు దాటాల్సి వస్తే ప్రతి పిల్లాడికీ వాడి సైజు లైఫ్ జాకెట్ ఉండాలి, పట్టీలు మీరు స్వయంగా బిగించాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది మన గోదాట్లోనే. పెద్దవాళ్ళకే ఆ గతి పట్టినప్పుడు "పది నిమిషాల దారేగా" అనే పడవ సరంగు మాట వినకండి. జాకెట్లు లేకపోతే రోడ్డున తిరిగి వెళ్ళండి, గంట ఆలస్యమైనా సరే.

ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా వెంటనే దూకకండి. కర్ర, తాడు, చీర, ఖాళీ నీళ్ళ డబ్బా, ఏది అందితే అది అందించండి, విసరండి, అరిచి జనాన్ని పిలవండి. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, తలకిందులుగా తిప్పడం చేయొద్దు. ఊపిరి లేకపోతే శిక్షణలో నేర్పినట్టు ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి చేయాలి.

8. ఎండ, ఉరుము, పాము, కుక్క

ఆరుబయట ఆటలు పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఆపేయండి. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర దాటాకే. కోనసీమలో చెట్లనీడ ఉందిగా అనుకోవద్దు, గాలిలో ఉక్క వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దాహం వేసినా వేయకపోయినా అరగంటకోసారి నీళ్ళు తాగించండి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఇంకా మంచివి. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళల్లో కలపాలి. గ్లాసుకి చెంచాడు చొప్పున కలపడం చాలామంది చేసే తప్పు. పిల్లాడు తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా నీడలో పడుకోబెట్టి తడిబట్టతో తుడుస్తూ, విసురుతూ 108కి చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు.

కొబ్బరిచెట్ల కింద కూర్చోబెట్టే ముందు తోట రైతుని "దింపు ఎప్పుడు తీయించారండీ?" అని అడగండి. దింపు (కాయల కోత) తీసి చాలా రోజులైతే కాయో, ఎండు మట్టో ఎప్పుడైనా రాలుతుంది. ఉరుము వినపడితే చెట్ల కింద నుంచి లేపి పక్కా గదిలోకి తీసుకెళ్ళాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వదలొద్దు.

కొబ్బరి డొక్కల గుట్టలు, గడ్డివాములు, పాత ఇటుకల కుప్పల దగ్గర దాగుడుమూతలు వద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం, నాటుమందు, ఇవేవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మోసుకెళ్ళి, పాము కాటు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. రాత్రి బస క్యాంపుల్లో నేల మీద పడుకోబెడితే కట్లపాము భయం ఉంటుంది. అది కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారుజామున లేచి కడుపునొప్పి అంటూ కనురెప్పలు వాల్చేస్తుంటే అజీర్తి అనుకోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

కుక్క కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బూ ధారగా పడే నీళ్ళూ పెట్టి కడగాలి. కారం, పసుపు అద్దొద్దు. అదే రోజు టీకా వేయించాలి.

9. హద్దులు

ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. మాట్లాడాలంటే నలుగురికీ కనబడే చోట, వినబడనంత దూరంలో కూర్చుని మాట్లాడండి. కొట్టడం, గుంజీలు, ఎండలో నిలబెట్టడం ఏ కారణంతోనూ వద్దు. పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకండి. వాళ్ళ ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టకండి, తల్లిదండ్రులు అడిగితే నిర్వాహకుల ద్వారా పంపండి.

ఎవరైనా పిల్ల మీ దగ్గరికొచ్చి తనకి జరిగినది చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పూర్తిగా వినండి, గుచ్చి గుచ్చి అడగకండి, తను చెప్పిన మాటల్ని అలాగే రాసుకోండి. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చినా పోలీసులకి తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళకి రక్షణా ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. "క్యాంపు పరువు పోతుంది, ఇక్కడే సర్దేద్దాం" అని పైవాళ్ళు అన్నా సరే, చేయాల్సిన ఫోన్ చేయండి.

10. అప్పగింత

రోజు మొత్తంలో అందరికీ ఒళ్ళు వదులైపోయే సమయం ఇది. బండ్లు హారన్లు కొడుతుంటాయి, పిల్లలు గేటు మీద వేలాడుతుంటారు. బైకు మీద ఒకాయన వచ్చి అంటాడు:

"నేను వీడి బాబాయినండి. వాళ్ళమ్మ పంపించిందండి."

"ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ, వాళ్ళమ్మగారికి ఒకసారి ఫోన్ చేస్తాను."

"ఏమ్మా, నన్ను చూస్తే దొంగలా కనబడుతున్నానా?"

"అబ్బే, అందరినీ అడుగుతామండి. లిస్టులో మీ పేరు లేదు, అంతే."

నవ్వుతూ చెప్పండి, కానీ ఫోన్ చేశాకే పంపండి. పిల్లాడు "బాబాయే" అన్నా సరే. నిజమైన బాబాయి ఐదు నిమిషాలు విసుక్కుంటాడు, మర్నాడు ఆయనే నలుగురికీ చెప్పి మెచ్చుకుంటాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పిల్లల్లో మంచి పేరు కొట్టేయాలని మొదటి రెండు రోజులు అన్నిటికీ సరే అనడం. మూడో రోజు గట్టిగా చెబితే ఎవరూ వినరు. మొదట్లో రెండు మూడు నియమాలే పెట్టండి గానీ, వాటిని వదలకండి.

చలాకీగా ఉండే నలుగురితోనే రోజంతా గడిపేయడం. మూలనున్న పిల్లని "ఎందుకు ఆడవు?" అని అందరిముందూ అడక్కండి. స్కోరు రాయమనో, ఈల పట్టుకోమనో చిన్న పని అప్పజెప్పండి.

ఇంటిమీద బెంగపెట్టుకున్న పిల్లాడితో "రేపు అమ్మ వస్తుందిలే" అని అబద్ధం చెప్పడం. ఫోన్ ఎప్పుడు చేయిస్తారో చెప్పి, ఆ టైముకి చేయించండి.

గొంతు చించుకోవడం. రెండో రోజుకే గొంతు పోతుంది. ఈల ఒకసారి అంటే ఆగడం, రెండుసార్లు అంటే నా దగ్గరికి రావడం అని అలవాటు చేయండి.

బాగా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

మూడో రోజు సాయంత్రం కాగితం చూడకుండా పదిమంది పేర్లూ, ఒక్కొక్కరి గురించి ఒక సంగతీ రాయండి. ఎక్కడ పెన్ను ఆగిందో ఆ పిల్ల మీద మీ కన్ను పడటం లేదన్నమాట. నోటుపుస్తకంలో లెక్కలు చూడండి. ఏ రోజైనా మూడు గంటలపాటు ఏ అంకే లేదంటే ఆ పూట మీరు అదృష్టం మీద నడిపారు. వారం తిరిగేసరికి పిల్లలు రావడం తగ్గితే తల్లిదండ్రులకి ఫోన్ చేసి కారణం అడగండి. "పెళ్ళికెళ్ళామండి" అంటే సరే. "వాడు రానంటున్నాడండి" అంటే విషయం ఏదో ఉంది.

అమెరికా క్యాంపుల గురించి అడిగేవాళ్ళకి

అక్కడి సమ్మర్ క్యాంపుల్లో పనిచేయడానికి జె-1 వీసాలో క్యాంప్ కౌన్సిలర్ అనే ప్రత్యేక విభాగం ఉంది. 18 నిండాలి, ఇంగ్లీషు బాగా రావాలి, విద్యార్థో, టీచరో, పిల్లలతో పనిచేసే అనుభవమో ప్రత్యేక నైపుణ్యమో ఉన్నవారో అయి ఉండాలి. గరిష్ఠంగా నాలుగు నెలలు. అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ ద్వారానే వెళ్ళాలి. ఆ సంస్థల జాబితా శాఖ వెబ్‌సైట్లో ఉంటుంది, మీరే చూసుకోవచ్చు. జాబితాలో లేని ఏజెంటు చేతిలో ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఇక్కడ ఒకటి రెండు వేసవులు పనిచేసి ఉంటే ఆ అనుభవం దరఖాస్తులో పనికొస్తుంది.

అందుకే క్యాంపు ముగిసే రోజు హడావుడిలో మర్చిపోకుండా ముందురోజే అనుభవపత్రం అడిగి తీసుకోండి. తేదీలు, పిల్లల వయసు, మీరు చూసుకున్న సంఖ్య అందులో ఉండాలి. మీ ఫోన్లో ఉన్న పిల్లల ఫొటోలు, తల్లిదండ్రుల నంబర్లు తీసేయండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో అయిపోయినవి రాసి నిర్వాహకులకి ఇచ్చేయండి.